రివైండింగ్ షాపు ఓవెన్‌కు ఏ కంట్రోలు? థర్మోస్టాటు, కాంటాక్టరు, ఎస్ఎస్ఆర్‌ల పోలిక, వాటికి వేయవలసిన రక్షణ

భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లు కాలిపోయినప్పుడల్లా రివైండింగ్ షాపుల ముందు వరుస కడతాయి. చుట్టు చుట్టి వార్నిష్ పోసిన స్టేటర్‌ను, అంటే మోటారులో తిరగని భాగాన్ని, ఎండలో ఆరబెట్టడం వానాకాలంలో కుదరదు కనుక, షాపులవాళ్లు తమ ఓవెన్‌ను తామే కట్టుకుంటారు. రెండు రేకు పెట్టెలు, వాటి మధ్య గ్లాస్ ఊల్, అడుగున మూడు హీటర్లు, వెనక ఒక బ్లోయరు: ఇంతవరకు మన వెల్డింగ్ షాపుల్లో సులువుగానే అయిపోతుంది. ఆ తరువాత కంట్రోల్ పానెల్ దగ్గర పని ఆగుతుంది. ఒకరు వేడిని బట్టి తానే తెంపే థర్మోస్టాటు చాలంటారు, ఇంకొకరు కాయిల్‌తో లాగే పెద్ద స్విచ్చు అయిన కాంటాక్టరు లేనిదే కుదరదంటారు, మూడో ఆయన ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు) వేస్తే చప్పుడే ఉండదంటారు. ముగ్గురు చెప్పేదీ నిజమే, కానీ ఒకే ఓవెన్ గురించి కాదు.

ఇక్కడ చెప్పేది 3 నుంచి 12 కిలోవాట్ల వరకు, 200 డిగ్రీలకు మించని ఓవెన్ల గురించి మాత్రమే. 415 వోల్టులతో పని కనుక మీటరు నుంచి పానెల్ వరకు వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. అయితే పానెల్‌లో ఏది ఎందుకు ఉందో యజమానికి తెలిసి ఉండాలి, ఎందుకంటే అర్ధరాత్రి ఓవెన్ పక్కన ఉండేది ఆయనే.

ముందు చూడవలసినవి

సామాను కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ఆంపియర్లది?" అన్నది. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ఆ సామాను పాడైనప్పుడు ఆన్‌లో ఇరుక్కుంటుందా, ఆఫ్‌లో ఆగిపోతుందా అన్నది మొదటిది. ఆఫ్‌లో ఆగిపోతే ఒక రాత్రి పని పోతుంది. ఆన్‌లో ఇరుక్కుంటే థిన్నర్ ఆవిరి ఉన్న పెట్టె ఆగకుండా కాలుతూ పోతుంది.

మూడో ప్రశ్న మన కరెంటుది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గే వేళకు చెరువుల మీద ఏరేటర్లన్నీ తిరుగుతుంటాయి, లైను చివరన ఉన్న షాపుకు వోల్టేజీ పడిపోతుంది. హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, 240 వోల్టుల దగ్గర 9 కిలోవాట్లు ఇచ్చే హీటర్లు 200 వోల్టుల దగ్గర 6.25 కిలోవాట్లే ఇస్తాయి. ఓవెన్ ఆలస్యంగా వేడెక్కడం దీనిలో చిన్న కష్టం, పెద్ద కష్టం కాంటాక్టరు దగ్గర వస్తుంది.

నాలుగోది గాలి. మొగల్తూరు, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి టెర్మినల్ స్క్రూలు పచ్చబడతాయి, మిగతా డెల్టా అంతా వానాకాలంలో తేమతో నిండి ఉంటుంది. వీటికి తోడు పానెల్‌లో దూరే చీమలు, బల్లులు. చివరిది, ఆదివారం రాత్రి పాడైతే ఆ సామాను దగ్గరి ఊళ్లో దొరుకుతుందా అన్నది.

ఉదాహరణగా 9 కిలోవాట్ల ఓవెన్‌ను తీసుకుందాం. 3 కిలోవాట్ల హీటర్లు మూడు, ఒక్కొక్కటి ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, అంటే స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి. ఒక్కో ఫేజులో పన్నెండున్నర ఆంపియర్లు పారుతాయి. 240 వోల్టుల హీటర్లను పొరపాటున డెల్టాలో, అంటే ఫేజుకూ ఫేజుకూ మధ్య, కలిపితే మూడు రెట్ల కరెంటు లాగి కాలిపోతాయి. గోదావరి డెల్టాలో ఉన్నాం కదా అని హీటర్లనూ డెల్టాలో కలపనక్కర లేదు.

గొట్టం థర్మోస్టాటు

సన్నని గొట్టం చివర బల్బు, ఇటువైపు తిప్పే నాబు, లోపల ద్రవం. ద్రవం వ్యాకోచించి కాంటాక్టును విడదీస్తుంది. ఎలక్ట్రానిక్ భాగం ఒక్కటీ లేదు కనుక వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు చలించదు. దొరకడం తేలిక, ధర తక్కువ. ఉష్ణోగ్రత మాత్రం పెట్టినచోట నిలవదు, పది డిగ్రీల వరకు అటూ ఇటూ ఊగుతుంది. వార్నిష్ ఆరబెట్టడానికి ఆ ఊపు పెద్ద దోషం కాదు. అంబాజీపేట వైపు కొబ్బరి ఎండబెట్టే చిన్న డ్రయ్యర్లకైతే ఇదే సరైనది, అక్కడ కావలసింది 60, 70 డిగ్రీలే.

దీనిలో ఎవరూ చెప్పని లోపం ఒకటుంది. గొట్టం మడతపడి చిట్లి ద్రవం కారిపోతే, మామూలు రకం థర్మోస్టాటు "ఇంకా చల్లగానే ఉంది" అనుకొని కాంటాక్టును మూసే ఉంచుతుంది. ద్రవం పోతే దానంతటదే తెరుచుకునే రకం వేరే ఉంటుంది, కొనేటప్పుడు దానినే అడగాలి. ఇంకొక మాట: వీటి కాంటాక్టు మామూలుగా 16 ఆంపియర్లది. 3 కిలోవాట్ల హీటరును నేరుగా దాని మీద నడపవచ్చని లెక్క చెబుతుంది, కానీ రోజూ ఆ అంచున నడిస్తే టెర్మినల్ కమురుతుంది. థర్మోస్టాటు చేత కాంటాక్టరు కాయిల్‌ను నడిపించి, హీటరు కరెంటును కాంటాక్టరుకు వదిలేయడం మేలు.

పీఐడీ కంట్రోలరుతో కాంటాక్టరు

మన ఎలక్ట్రీషియన్లకు చేయి తిరిగినది కాంటాక్టరే, మోటారు స్టార్టర్లలో ఉండేదీ అదే, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలు చూడాలి: ఏసీ-3 అన్నది మోటార్లకు, ఏసీ-1 అన్నది హీటర్ల వంటి లోడుకు. ఏసీ-3 అంకె ఎప్పుడూ చిన్నదే. మన 9 కిలోవాట్ల ఓవెన్‌కు ఏసీ-1 కింద 25 ఆంపియర్లకు తగ్గనిది వేస్తే ఊపిరి పీల్చుకుంటుంది.

కాంటాక్టరు ఆయుష్షును తినేది పీఐడీ, అంటే హీటర్లను మాటిమాటికీ ఆన్-ఆఫ్ చేస్తూ వేడిని ఒకచోట నిలిపే పద్ధతి. కంట్రోలరులో సైకిల్ టైమ్ అనే సెట్టింగును (ఒక ఆన్-ఆఫ్ విడతకు పట్టే సమయం) 20 సెకన్లకు పెట్టారనుకోండి. గంటకు 180 సార్లు, 8 గంటలకు 1,440 సార్లు, ఏడాదిలో 300 రోజులు నడిస్తే 4,32,000 సార్లు కాంటాక్టరు కొట్టుకోవాలి. ఆ లెక్కన కాంటాక్టు మొనలు అరిగి, గుంటలు పడి, ఏదో ఒక రోజు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్న కాంటాక్టరు ఆన్‌లో ఇరుక్కున్నట్లే. కాంటాక్టరే వేయదలచుకుంటే కంట్రోలరును పీఐడీలో కాక ఆన్-ఆఫ్ పద్ధతిలో పెట్టి, ఆపే వేడికీ మళ్లీ అందుకునే వేడికీ మధ్య నాలుగైదు డిగ్రీల తేడా ఇవ్వాలి. అప్పుడు కొట్టుకోవడం బాగా తగ్గుతుంది, వార్నిష్ పనికి ఏ నష్టమూ ఉండదు.

రెండో శత్రువు తక్కువ వోల్టేజీ. కాయిల్ తన వోల్టేజీలో 85 శాతం ఉంటే నమ్మకంగా లాగుతుంది. 240 వోల్టుల కాయిల్‌కు అది 204 వోల్టులు. తెల్లవారుజామున వోల్టేజీ 200 దగ్గర ఊగుతుంటే కాంటాక్టరు గరగరలాడుతుంది, లాగీ లాగనట్లు ఉండి నిప్పురవ్వలు పుట్టిస్తుంది. కాంటాక్టులు అతుక్కోవడానికి ఇంతకు మించిన దారి లేదు. ఆ చప్పుడు వినబడితే దానిని రిపేరు సూచనగా కాక, ఆపేయమన్న హెచ్చరికగా తీసుకోవాలి.

బల్లి సంగతి. ఒకసారి ఒక ఫేజు హీటరు వేడెక్కడం లేదని కాంటాక్టరు విప్పి చూస్తే, కదిలే పట్టీకీ స్థిరమైన మొనకూ మధ్య చిన్న బల్లిపిల్ల ఎండి అట్టలా అతుక్కుని ఉంది. పానెల్ అడుగున వాడకుండా వదిలేసిన ఒక కేబుల్ రంధ్రం గుండా వచ్చింది. అప్పటినుంచి వాడని రంధ్రానికి రబ్బరు బిరడా, వాడే రంధ్రానికి కేబుల్ చుట్టూ బిగిసే గ్లాండు లేకుండా నేను పానెల్ మూయడం లేదు.

పీఐడీ కంట్రోలరుతో ఎస్ఎస్ఆర్

ఎస్ఎస్ఆర్‌లో కదిలే భాగం లేదు, కనుక అరుగుదల లేదు, చప్పుడు లేదు, బల్లికి చోటు లేదు. సైకిల్ టైమ్‌ను రెండు సెకన్లకు పెట్టుకోవచ్చు కాబట్టి ఉష్ణోగ్రత గీత గీసినట్లు నిలుస్తుంది. దానిని నడిపించే సంకేతం కంట్రోలరు నుంచి వచ్చే కొద్దిపాటి డీసీ వోల్టేజీ. వోల్టేజీ పడిపోయినా కంట్రోలరు ఆ సంకేతాన్ని సరిగానే ఇస్తుంది కనుక గరగర ఉండదు. లైను చివరి షాపులకు ఇది నిజమైన లాభం.

దీని ధర మరోవైపు చెల్లించాలి. ఆన్‌లో ఉన్నప్పుడు ఎస్ఎస్ఆర్ దగ్గర ఒక వోల్టుకు కాస్త పైగా పోతుంది, అది వేడిగా మారుతుంది. పన్నెండున్నర ఆంపియర్లకు ఒక్కొక్కటి సుమారు 15 వాట్లు, మూడు కలిస్తే 45 వాట్లు. మే నెలలో రాజమండ్రి ఎండకు గదిలోనే 40 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు మూసిన ఇనుప డబ్బాలో ఈ 45 వాట్లు చేరితే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుచేత వేడిని గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ, అంటే హీట్ సింక్, తప్పనిసరి. దానికీ ఎస్ఎస్ఆర్‌కూ మధ్య థర్మల్ పేస్టు పలుచగా రాయాలి, రెక్కలు నిలువుగా ఉండేలా బిగించాలి. మీద రాసిన ఆంపియర్లలో సగానికి మించి వాడకూడదన్నది నేను పాటించే కొలత.

పాడయ్యే తీరు ఇంకా ముఖ్యం. ఎస్ఎస్ఆర్ ఎక్కువగా షార్టై పోతుంది, అంటే ఆన్‌లోనే ఇరుక్కుంటుంది. నా మొదటి ఓవెన్‌లో ఇదే జరిగింది. కంట్రోలరును 135 డిగ్రీలకు పెట్టి పక్కన స్టేటర్‌కు స్లీవులు తొడుగుతున్నాను. ఘాటైన వాసన వచ్చి తల ఎత్తి చూస్తే, కంట్రోలరు మీద అవుట్‌పుట్ దీపం ఆరే ఉంది, అంకెలు మాత్రం 165, 166, 167 అని ఎక్కుతున్నాయి. కంట్రోలరు తన పని తాను చేస్తోంది, దాని మాట వినేవాడే లేడు. మెయిన్ దించాను. లోపలి ఆరు స్టేటర్లలో లీడు వైర్ల స్లీవులు గట్టిపడి పెళుసెక్కాయి, ఆరూ మళ్లీ విప్పవలసి వచ్చింది. ఎస్ఎస్ఆర్ ఊడదీస్తే కింద పేస్టు చుక్క కూడా లేదు. బిగించింది నేనే.

ఇంకొక జాగ్రత్త: ఎస్ఎస్ఆర్ ఆఫ్‌లో ఉన్నా దాని గుండా కొద్ది మిల్లీఆంపియర్లు కారుతుంటాయి. దానిని నమ్మి హీటరు టెర్మినల్ మీద చేయి వేయకూడదు, మెయిన్ దించి, టెస్టరుతో చూసిన తరువాతే ముట్టుకోవాలి.

థైరిస్టర్ పవర్ కంట్రోలరు అని నాలుగోది కూడా ఉంది. గేట్లకు, గ్రిల్సుకు పౌడర్ కోటింగ్ చేసే పెద్ద ఓవెన్లకు, అంటే 24 కిలోవాట్లు, ఆపైన ఉన్నవాటికి అది సబబు. రివైండింగ్ షాపుకు ఆ ఖర్చు దండగ.

| చూడవలసినది | థర్మోస్టాటు | కాంటాక్టరు | ఎస్ఎస్ఆర్ |
|---|---|---|---|
| ఉష్ణోగ్రత నిలకడ | పది డిగ్రీల ఊపు | నాలుగైదు డిగ్రీలు | ఒకటి రెండు డిగ్రీలు |
| ఎక్కువగా పాడయ్యే తీరు | ద్రవం కారితే ఆన్ | మొనలు అతుక్కుంటే ఆన్, కాయిల్ కాలితే ఆఫ్ | షార్టై ఆన్ |
| తక్కువ వోల్టేజీ | చలించదు | గరగరలాడుతుంది | చలించదు |
| తేమ, పురుగులు | గొట్టాన్ని కాపాడాలి | బల్లులు, చీమలు | హీట్ సింక్ మీద దుమ్ము |
| పానెల్ వేడి | లేనట్టే | తక్కువ | ఎక్కువ |
| దగ్గర్లో దొరకడం | తేలిక | చాలా తేలిక | పట్నం నుంచి తెచ్చి నిల్వ ఉంచాలి |

రెండో వరుసను మరొకసారి చూడండి. మూడూ ఆన్‌లో ఇరుక్కోగలవు. ఏది ఎంచుకున్నా దానిని నమ్మని రెండో కాపలా ఒకటి ఉండాలన్నది అందుకే.

రెండో కాపలా

ఇది కంట్రోలరుతో సంబంధం లేని, తన సెన్సరు తనకే ఉన్న, ఒకసారి పడిపోతే చేత్తో నొక్కితే తప్ప తిరిగి లేవని ఓవర్ టెంపరేచర్ కటౌటు. దానిని పని ఉష్ణోగ్రత కన్నా 20 నుంచి 30 డిగ్రీలు పైన పెట్టాలి. అది తెంపవలసినది ఎస్ఎస్ఆర్ సంకేతాన్ని కాదు. ఎస్ఎస్ఆర్‌కు ముందు వేరుగా ఒక కాంటాక్టరు పెట్టి, దాని కాయిల్‌ను ఇది తెంపాలి. ఆ కాంటాక్టరు రోజుకు ఒకటి రెండుసార్లే పనిచేస్తుంది కనుక అరిగే ప్రశ్న లేదు. అత్యవసరంగా నొక్కే ఎర్ర బటను, బ్లోయరు తిరుగుతోందని చెప్పే కాంటాక్టు, తలుపు స్విచ్చు, అన్నీ అదే కాయిల్ దారిలో వరుసగా రావాలి. స్టార్టు బటను నొక్కితేనే లేచి తనను తాను పట్టుకునేలా దానిని కలిపితే, కరెంటు పోయి వచ్చినప్పుడు ఓవెన్ తనంత తాను మొదలు కాదు. మన కరెంటు తీరుకు ఇది అవసరం.

కొత్త వార్నిష్ నుంచి వచ్చే థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువైనది, అడుగున హీటర్ల దగ్గరే చేరుతుంది. స్టేటరు నుంచి వార్నిష్ కారడం ఆగేవరకు బయటే ఉంచాలి. బ్లోయరు, బయటికి పోయే గొట్టం కొన్ని నిమిషాలు నడిచాకే హీటర్లు అందుకునేలా టైమరు వేయాలి. బ్లోయరు మోటారు, స్విచ్చులు, కాంటాక్టర్లు ఏవీ వేడి గదిలో ఉండకూడదు.

సెన్సరు: కె థర్మోకపులా, పీటీ 100నా?

వేడికి చిన్న వోల్టేజీ పుట్టించే తీగల జంట థర్మోకపుల్, వేడిని బట్టి నిరోధం మారేది పీటీ 100. 200 డిగ్రీల లోపు పనికి రెండూ సరిపోతాయి. పీటీ 100 కచ్చితమైనది, సున్నా డిగ్రీల దగ్గర 100 ఓంలు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓంలు చూపుతుంది. మల్టీమీటరుతో పరీక్షించడం తేలిక, మామూలు రాగి వైరు మూడు తీగలతో చాలు. థర్మోకపుల్ మొరటు దెబ్బలకు తట్టుకుంటుంది, కానీ దాని వైరును పొడిగించాలంటే దాని జాతి కేబులే కావాలి, ప్లస్ మైనస్‌లు తారుమారు కాకూడదు. అమెరికా రంగుల పద్ధతిలో ఎరుపు మైనస్, మన అలవాటుకు అది తలకిందులు. తారుమారైతే వేడి పెరిగే కొద్దీ అంకె తగ్గుతుంది, కంట్రోలరు ఇంకా ఇంకా వేడి చేస్తుంది. సున్నితంగా వాడే షాపుకు పీటీ 100, పిల్లలు బరువైన స్టేటర్లు దొర్లించే షాపుకు థర్మోకపుల్ అని నేను చెబుతాను. ఏదైనా గోడకు బిగింపుగా ఉండాలి. ఊడి బయట వేలాడే సెన్సరు గది ఉష్ణోగ్రతను చూపి ఓవెన్‌ను కాల్చేస్తుంది.

ఎంసీబీ, ఫ్యూజు, ఆర్‌సీసీబీ

పన్నెండున్నర ఆంపియర్ల లోడుకు 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మించితే తానే పడిపోయే స్విచ్చు) కాగితం మీద చాలు. అయితే ఎంసీబీని 30 డిగ్రీల దగ్గర కొలిచి అమ్ముతారు, మన పానెల్ లోపల వేసవిలో 50 ఉంటుంది, అప్పుడు అది అకారణంగా పడిపోతుంది. 20 ఆంపియర్లది వేసి, వైరును 4 చదరపు మిల్లీమీటర్ల రాగిదిగా ఉంచడం నా సలహా. బి రకం మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకు, సి రకం ఐదు నుంచి పది రెట్లకు వెంటనే తెగుతుంది. హీటరుకు మోటారులా మొదటి దూకుడు ఉండదు, పైగా లైను చివర షార్టు కరెంటు తక్కువగా వస్తుంది కనుక బి రకమే మేలు. బ్లోయరుకు వేరే ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఉండాలి.

ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఎస్ఎస్ఆర్‌ను కాపాడేంత వేగం దానికి లేదు. ఎస్ఎస్ఆర్ బతకాలంటే సెమీకండక్టర్ ఫ్యూజు వేయాలి, దాని ధర ఎస్ఎస్ఆర్ ధరకు పోటీగా ఉంటుంది. చిన్న షాపు ఆ ఫ్యూజు వేయక, ఒక ఎస్ఎస్ఆర్‌ను అదనంగా నిల్వ ఉంచుకున్నా నేను తప్పుపట్టను. రెండో కాపలా ఉంటేనే సుమా.

కరెంటు ఎర్తుకు కారితే తెంపే ఆర్‌సీసీబీ దగ్గర అందరూ విసుగెత్తుతారు. హీటరు గొట్టం లోపలి తెల్లని మెగ్నీషియం ఆక్సైడు పొడి తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో పది రోజులు వాడకుండా ఉంచి ఆన్ చేస్తే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ టక్కున పడుతుంది. అప్పుడు దానిని తప్పించి నేరుగా కలపడం మన దగ్గర మామూలు వైద్యం, చాలా ప్రమాదకరమైన వైద్యం. 100 మిల్లీఆంపియర్లది వేస్తే పడటం తగ్గుతుంది కానీ తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడే మనిషికి అది చాలినంత రక్షణ కాదు. 30నే ఉంచి, వాడని రోజుల్లో కూడా వారానికి రెండుసార్లు ఓవెన్‌ను ఖాళీగా గంటసేపు వేడి చేయండి. అప్పటికీ పడుతుంటే 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) ఒక్కో హీటరును విడిగా చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిన హీటరును విప్పి వేడి మీద బాగా ఆరబెట్టాలి, అయినా పెరగకపోతే మార్చేయాలి.

ఎర్తుకు మన నేల తడి మేలు చేస్తుంది, ఉప్పు నేలలో అదే తడి పైపును తుప్పు పట్టించి తినేస్తుంది, అందుకని ఏటా కొలవాలి. తలుపును కబ్జాలు ఎర్తు చేస్తాయని అనుకోకూడదు, దానికి అల్లిక తీగ వేరుగా కలపాలి.

వైర్లు, పానెల్ చోటు

పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే. ఓవెన్ గోడ నుంచి పానెల్ వరకు సిలికాన్ లేదా ఫైబర్‌గ్లాస్ తొడుగు వైరు వాడాలి. హీటరు టెర్మినల్ దగ్గర లగ్గు వేసి, కింది నట్టును ఒక స్పానరుతో పట్టి పైదాన్ని మరో స్పానరుతో బిగించాలి, లేకపోతే లోపలి పింగాణీ పగులుతుంది. పానెల్‌ను ఓవెన్ పక్క రేకుకు బిగించడం చూడముచ్చటగా ఉంటుంది కానీ తప్పు. గోడకు, కంటి ఎత్తున, వరద నీరు అందని చోట ఉండాలి.

ఎవరికి ఏది

సింగిల్ ఫేజు మీద 3 కిలోవాట్లతో రోజుకు ఒకటి రెండు మోటార్లు ఆరబెట్టే షాపుకు థర్మోస్టాటు, దాని వెనక కాంటాక్టరు, పైన కటౌటు చాలు. మూడు ఫేజులు, 9 కిలోవాట్లు, వోల్టేజీ బాగుండే పట్టణం అయితే ఆన్-ఆఫ్ పద్ధతిలో కాంటాక్టరు. లైను చివరి పల్లె అయితే ఎస్ఎస్ఆర్, ముందు రక్షణ కాంటాక్టరు. ఆ రక్షణ కాంటాక్టరూ గరగరలాడకుండా దాని కాయిల్ దారిలో తక్కువ వోల్టేజీ రిలే ఒకటి పెట్టండి, ఆ వేళకు అది శుభ్రంగా తెంపేస్తుంది. చిన్న పౌడర్ కోటింగ్ ఓవెన్‌కు, బేకరీకి నిలకడ ముఖ్యం కనుక ఎస్ఎస్ఆరే. సబ్‌మెర్సిబుల్ మోటార్ల పని ఎక్కువగా ఉన్నవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: నీటిలో మునిగే చుట్టుకు వాడే ప్లాస్టిక్ తొడుగు వైరును ఏ ఓవెన్‌లోనూ పెట్టకూడదు.

పానెల్ పూర్తయ్యాక లోడు పెట్టకుండా ఓవెన్‌ను 80 డిగ్రీలకు ఎక్కించి, కటౌటు నాబును మెల్లగా 60కి దించండి. రక్షణ కాంటాక్టరు టక్కున పడాలి, నాబు తిరిగి పైకి తిప్పినా చేత్తో నొక్కేవరకు లేవకూడదు. ఈ పరీక్షను ప్రతి నెల మొదటి తారీకున చేసి, పానెల్ తలుపు లోపల పెన్సిలుతో తేదీ రాయండి. కాంటాక్టరు పడని రోజు స్టేటర్లు బయటే ఉండాలి.